పాత గుర్రానికి కొత్త కళ్ళెం

మా పడమటి కర్నూలు సీమలో బండి అన్న మాటకు అర్థం మారి చాలా కాలమైంది. మా తాతల నాడు బండి అంటే ఎద్దులు లాగేదే. పత్తి బోరాలు వేసుకుని రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి ఆదోని చేరుకునేది. ఇవాళ ఏ ఇంటి ముందు నిలబడి "బండి ఉందా?" అని అడిగినా మోటారు సైకిలు వంకే చూపిస్తారు. మాట పాతదే, వస్తువు మారిపోయింది. అయితే ఆ బండికీ ఈ బండికీ ఒక్క విషయంలో చుట్టరికం తెగలేదు. కొనడం ఒక్కపూట పని. సాకడం ఏళ్ళ తరబడి పని. సాకడం తెలిసిన ఇంట్లో ఎద్దులు నిగనిగలాడుతూ ఉండేవి. తెలియని ఇంట్లో డొక్కలెండి, కొన్న సంతకే తిరిగి పోయేవి.

కాలేజీ ఈడు కుర్రవాడున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడొక వాదం నడుస్తున్నది. వాడికి కావలసింది ముందుకు వంగి కూర్చుని నడిపే పందెపు బండి. కొత్తది కొందామంటే లక్షన్నర పైమాట. పాతది కొందామంటే తల్లికి భయం, తండ్రికి అనుమానం. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ వాదంలో మధ్యవర్తిత్వం ఎందుకు వచ్చిందంటే, ఎమ్మిగనూరులో ఉంటున్న మా అక్క కొడుకు అటువంటి బండిమీద మనసు పడ్డాడు. అప్పటికి వాడికి ఇరవై రెండేళ్ళు. ఆదోనిలో ఉద్యోగం. రోజూ రానూ పోనూ అరవై కిలోమీటర్ల దాకా ప్రయాణం. అక్క నాకు ఫోను చేసింది. "తమ్ముడూ, వాడు నా మాటా వినడు, వాళ్ళ నాయన మాటా వినడు. నువ్వన్నా దగ్గరుండి చూడు. వానికేమన్నా అయితే నేనేం గావల?" అన్నది.

2023లో ఆ బండి ఇంటికి వచ్చింది. దాన్ని సాకడంలో తెలిసిన సంగతులు, అదే వాదం నడుస్తున్న ఇతర గృహస్థులకు కూడా పనికి వస్తాయని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఈ జాతి ఎప్పటిది?

చిన్న ఇంజనుతో పెద్ద పరుగు రుచి మనవాళ్ళకు బాగా చూపించినది 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100. అది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలుతోపాటు చమురును కూడా కాల్చుకుని నీలపు పొగ వదిలేది. 1996లో దాని తయారీ ఆగిపోయింది. అయినా ఆ గొంతు వినబడితే తల తిప్పి చూసేవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. తర్వాత నాలుగు స్ట్రోకుల కాలం వచ్చింది. 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో బజాజ్ పల్సర్, 2003లో కరిజ్మా. 2008లో యమహావారు ఆర్‌15 అనే బండిని మన దేశంలో విడుదల చేశారు. నిలువెల్లా తొడుగు కప్పుకుని, రేసు గుర్రం లాగా ముందుకు వంగి ఉండే ఆ రూపం చూసి కుర్రకారు మనసు పారేసుకున్నారు.

రూపం మాట అట్లా ఉంచి లోపలి సంగతి చూద్దాం. ఇంజను పరిమాణం 149.8 సీసీ. దాన్ని చల్లబరచడానికి ముందు భాగంలో రేడియేటరు, ఒక్క సిలిండరుకే నాలుగు వాల్వులు, కార్బొరేటరుకు బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షను, ఆరు గేర్లు. నిమిషానికి 8500 చుట్లు తిరిగినప్పుడు అది 17 గుర్రాల బలాన్నిస్తుంది. 8500 చుట్లంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. మనం "ఒకటి" అని లెక్కపెట్టేలోగా ఆ పిస్టను 140 సార్లు పైకీ, 140 సార్లు కిందికీ పోయి వస్తుంది. ఇంత హడావుడిగా బ్రతికే యంత్రానికి నిర్లక్ష్యాన్ని సహించే ఓపిక తక్కువ. పొలానికి పోయి వచ్చే మామూలు బండి ఆరు నెలలు పట్టించుకోకపోయినా గొణుక్కుంటూ నడుస్తుంది. ఇది గొణగదు; ఒకనాడు హఠాత్తుగా కూర్చుంటుంది.

2011లో ఈ బండి రెండో రూపం, 2018లో మూడోది, 2021లో నాలుగోది వచ్చాయి. పాత బళ్ళ బేరాల్లో చవకగా దొరికేవి మొదటి రెండూ. మా వాడు కొన్నది 2010 నాటి మొదటి రూపం.

కొనేముందు

బండి పొరుగునే ఉన్న బళ్ళారిలో దొరికింది. బళ్ళారి మనకు భాషలో సగం, బేరసారాల్లో ముప్పాతిక బంధువు. రాష్ట్రం మాత్రం వేరు. బేరానికి నేనూ మా వాడూ పోతూ, ఆదోనిలో షెడ్డు నడిపే ఒక మెకానిక్కును వెంట తీసుకుపోయాం. ముప్పై ఏళ్ళుగా పానా పట్టిన చెయ్యి ఆయనది. ఊరంతా భాయి అంటారు, నేనూ అంతే. బయలుదేరే ముందే ఆయన ఒక షరతు పెట్టాడు. "మనం పొయ్యేసరికి ఇంజను చల్లగ ఉండల్ల. ముందే స్టార్టు చేసి పెట్టొద్దని చెప్పండి సార్. జ్వరం చూడల్లంటే మాత్ర మింగకముందే చూడల్ల గదా!"

అక్కడ ఆయన చూసిన వరుస ఇది. ముందు చాసీసు నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో సరిపోయాయా అని. తర్వాత చల్లటి ఇంజనును స్టార్టు చేసి చెవి ఒగ్గి విన్నాడు. నీలపు పొగ వస్తే చమురు పిస్టను దాటి పైకి పోతున్నదన్నమాట, రాలేదు. చమురు పుల్ల తీసి రంగు చూశాడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే, చల్లబరిచే నీరు చమురులో కలిసినట్టు. అటువంటి బండిని వదిలి రావడమే మంచిది. ముందు ఫోర్కు గొట్టాలమీద వేలు రాసి చమురు తడి ఉందేమో చూశాడు. కొంత దూరం నడిపి బండి ఒక పక్కకు లాగుతున్నదేమో గమనించాడు. లాగితే ఎప్పుడో గట్టిగా పడిన బండి కావచ్చు.

చివరకు టైరు పక్క గోడమీద ఉన్న నాలుగంకెలు చదివాడు. ఈ అంకెల అర్థం ప్రతి గృహస్థూ తెలుసుకోదగ్గది. 2315 అని ఉంటే, అది 2015వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. మేం చూసిన బండి టైర్లకు గాడులు నిండుగానే ఉన్నాయి, వయసు మాత్రం ఎనిమిదేళ్ళు. "చూడనీకి బాగుంది సార్, రబ్బరు రాయి అయిపొయ్యింది" అన్నాడు భాయి. ఆ ఒక్క మాటతో ధర కొంత దిగింది.

కాగితాల సంగతి ఇంజనుకు ఏమాత్రం తీసిపోదు. పొరుగు రాష్ట్రపు బండిని మన దగ్గర ఉంచుకోవాలంటే, అక్కడి రవాణా కార్యాలయం నుంచి 28వ నంబరు ఫారంలో నిరభ్యంతర పత్రం తేవాలి. ఇక్కడ లైఫ్ టాక్సు కట్టి మన రాష్ట్రపు నంబరు వేయించుకోవాలి. అప్పుమీద కొన్న బండి అయితే, ఆ అప్పు తీరినట్టు ఆర్‌సీలో నమోదు కావాలి. కొన్నవారు 30 రోజుల లోపల పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అమ్మేవారికి కూడా ఒక హెచ్చరిక. పేరు మారనంత వరకు, ఆ బండివల్ల ప్రమాదం జరిగితే పరిహారపు బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని సుప్రీం కోర్టు 2018లో తీర్పు చెప్పింది. "ఎప్పుడో అమ్మేశాం, మాకేం సంబంధం?" అంటే చెల్లదు.

చమురు, నీరు, గాలి

బండి ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమే మా వాడు దాన్ని తుడిచి, మెరిపించి, ఇక సైలెన్సరు మార్చుదామన్నాడు. భాయి వినిపించుకోలేదు. లోపలున్న చమురు తీసి పారబోసి, ఫిల్టరుతో సహా కొత్తది వేశాడు. "పాత బండి కొంటే ముందు దాని రక్తం మార్చల్ల" అని ఆయన సూత్రం.

దీనికి మంచి కారణమే ఉంది. ఆర్‌ఎక్స్ 100 వంటి పాత బళ్ళ సిలిండరు లోపల ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. అరిగిపోతే దాన్ని రీబోరు చేసి, ఒక సైజు పెద్ద పిస్టను వేసుకుంటే బండి మళ్ళీ పడుచుదవుతుంది. ఆర్‌15 సిలిండరులో ఆ గొట్టం లేదు. అల్యూమినియంలో సిలికాను కలిపి పోతపోసిన గట్టి లోహంతోనే దాన్ని తయారుచేశారు. యమహావారు దానికి డయాసిల్ అని పేరు పెట్టారు. తేలిక, త్వరగా చల్లబడుతుంది, త్వరగా అరగదు. కాని ఒకసారి గీత పడితే రీబోరు లేదు. సిలిండరు మొత్తం మార్చవలసిందే. ఆ ఖర్చుకు భయపడి చాలామంది బండినే అమ్ముకుంటారు. అంటే సకాలంలో మార్చిన ఒక లీటరు చమురు, వేల రూపాయల సిలిండరును కాపాడుతున్నదన్నమాట. మూడు వేల కిలోమీటర్లకొకసారి చమురు మార్చాలని భాయి కట్టడి చేశాడు. దారిలో కారు చమురు దొరికింది గదా అని పోయరాదు. ఈ బళ్ళలో క్లచ్చి ప్లేట్లు చమురులోనే మునిగి ఉంటాయి. కొన్ని కారు నూనెల్లో కలిపే జారుడు మందులవల్ల క్లచ్చి పట్టు తప్పుతుంది. డబ్బామీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు చూసి కొనాలి.

ఇక నీరు. ఏప్రిలు, మే నెలల్లో మా ఊరి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేడియేటరులో ఉండేది వట్టి నీరు కాదు. గ్లైకాలు కలిసిన కూలెంటు. అది తగ్గినప్పుడు బోరు నీళ్ళు పోసేవాళ్ళను నేనెరుగుదును. మా బోరు నీళ్ళు కాచిన గిన్నెకు ఎట్లా తెల్లటి పెచ్చు కడుతుందో, ఇంజను లోపలి సన్నటి దారులకూ అట్లాగే కడుతుంది. వేడిమీద ఉన్న రేడియేటరు మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయకూడదు. మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. ఇంకొక మాట, తల్లులు గుర్తుంచుకోవలసింది: కూలెంటు రుచికి తియ్యగా ఉంటుంది, కాని విషం. తీసిన కూలెంటును పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా చూడాలి.

గాలి సంగతి మా ఊరివాళ్ళకు ప్రత్యేకం. పత్తి మార్కెట్టు జోరుగా ఉన్న నెలల్లో జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల పత్తి నూగు గాలిలో తేలుతూ ఉంటుంది. అది పోయి రేడియేటరు రేకుల మధ్య చాపలాగా పేరుకుంటుంది. మెత్తటి బ్రష్షుతో, సన్నటి నీటిధారతో దాన్ని తీసివేయాలి; జోరు పంపు కొడితే రేకులు వంగిపోతాయి. పొడికాలంలో నల్లరేగడి దుమ్ము ఉండనే ఉన్నది. ఎయిర్ ఫిల్టరు కాగితంతో చేసినది గనుక కడగరాదు, మురికిపట్టితే మార్చాలి. గాలి ధారాళంగా పోయే పందెపు ఫిల్టరు వేయిద్దామని మా వాడు అడిగాడు. "గాలి ఎక్కువ పోతే దుమ్ము గూడ ఎక్కువ పోతాది. మన ఊరి దుమ్ముకి పందెం ఎందుకప్పా?" అన్నాడు భాయి.

పెట్రోలు గురించి కూడా ఒక మాట. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే పద్ధతి 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. పాత బళ్ళ రబ్బరు గొట్టాలు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాలు గాలిలోని తడిని కూడా పీలుస్తుంది. అంచేత బండిని నెలల తరబడి కదలకుండా ఉంచరాదు. గొట్టాలు పగులుతున్నాయేమో చూసి మార్పించాలి.

గొలుసు, పడుగు

చైను విషయంలో నాకు పాఠం చెప్పినది భాయి కాదు, మా బావ. ఎమ్మిగనూరు నేతకు పేరుపడ్డ ఊరు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ నేతపనివారి సహకార సంఘాన్ని నెలకొల్పారు. మా బావ వాళ్ళ ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాడు. బండి చైను బిగువు చూస్తున్న కొడుకు పక్కన నిలబడి, "ఇది పడుగు బిగి మాదిరే గదా! ఎక్కువ బిగిస్తే పోగు తెగుతాది, వదిలేస్తే గుడ్డ జాళీ పడుతాది" అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత చక్కగా చెప్పలేదు.

చైను బిగుతైతే బేరింగులు అరుగుతాయి, ఒక్కొక్కప్పుడు తెగుతుంది కూడా. వదులైతే పళ్ళమీదనుంచి ఎగిరి చక్రాన్ని బంధిస్తుంది. ఎంత వదులుండాలో వెనుక చక్రాన్ని పట్టుకున్న చేతికమ్మమీద కంపెనీవారే అంటించి ఉంటారు. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, చైను ఎక్కడ అన్నిటికంటే బిగువుగా ఉందో అక్కడ కొలవాలి. ఐదారు వందల కిలోమీటర్లకొకసారి తుడిచి చమురు పెట్టాలి. లింకుల మధ్య రబ్బరు వలయాలున్న చైనును పెట్రోలుతో కడగరాదు, కిరసనాయిలు చాలు. మార్చేటప్పుడు చైనునూ రెండు పళ్ళ చక్రాలనూ కలిపే మార్చాలి. పాత పళ్ళమీద కొత్త చైను ఎన్నాళ్ళో మన్నదు.

ఒక్క హెచ్చరిక మాత్రం పెద్ద అక్షరాలతో రాయదగినది. ఇంజను నడుస్తూ, గేరులో ఉండి, చక్రం తిరుగుతుండగా చైనును గుడ్డతో తుడవరాదు. గుడ్డ చిక్కుకుంటే దాని వెంట వేళ్ళు పోతాయి. క్షణం కూడా పట్టదు. ఇంజను ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ తుడవాలి. మా అక్క ఈ సంగతి విన్నప్పటినుంచి ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చి, "తాళం తీసినావా?" అని అడిగిగాని కొడుకును చైను ముట్టనివ్వదు.

రెండు పట్టీలు

పాత బండిని మెరుగుపరచడం దగ్గరకు వచ్చేసరికి మా షెడ్డులో రెండు పట్టీలు తయారైనాయి. మా వాడి పట్టీ: గొంతు పెద్ద సైలెన్సరు, వెనుక లావు టైరు, ముందు పళ్ళ చక్రంలో ఒక పన్ను తగ్గింపు, కళ్ళు చెదిరే నీలపు దీపం. భాయి పట్టీ: రెండు కొత్త టైర్లు, బ్రేకు ప్యాడ్లు, బ్రేకు నూనె, బ్రేకు గొట్టం, ఫోర్కు సీళ్ళూ నూనె, చీర చుట్టుకోకుండా కాపాడే కంచె. మొదటి పట్టీలో ఉన్నది ఒక్కటీ రెండో పట్టీలో లేదు.

నేను ఇద్దరి మధ్యా కూర్చుని ఒక్కొక్కటే విచారించాను. ముందు పళ్ళ చక్రం 14 పళ్ళనుంచి 13కు తగ్గిస్తే బండి చివుక్కున లేస్తుంది. నిజమే. కాని అదే వేగానికి ఇంజను దాదాపు 8 శాతం ఎక్కువ తిరగాలి. రోజూ అరవై కిలోమీటర్లు పోయేవాడికి అది పెట్రోలు దండుగ, అరుగుదల అదనం. లావు టైరు సంగతి ఇంకా తమాషా. మొదటి రూపం బండికి వెనుక 100/80 టైరు. 2011 రూపానికి 130/70 వేశారు. దాన్ని చూసి పాత బండికీ అది వేయిస్తారు. యమహావారు టైరుతోపాటు చక్రాన్నీ, చేతికమ్మనూ, పళ్ళ లెక్కనూ కూడా మార్చారన్నది గమనించరు. సన్న చక్రానికి లావు టైరు తొడిగితే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుమ ఉబ్బుతుంది. మలుపుల్లో పట్టు పెరగకపోగా తగ్గుతుంది.

సైలెన్సరు విషయంలో చట్టమే అడ్డం నిలబడింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఈ సంగతిని మళ్ళీ గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నారు. శబ్ద, వాయు కాలుష్య నిబంధనలను మీరితే మొదటి తప్పుకే 10,000 దాకా జరిమానా. పైగా రోజంతా పనిచేసి అలసిన వీధిని అర్ధరాత్రి లేపే హక్కు ఏ కుర్రవాడికీ లేదు గదా!

చివరకు భాయి పట్టీయే నెగ్గింది. బ్రేకు నూనె గాలిలోని తడిని పీల్చి పాతబడుతుంది. అటువంటి నూనె వేడెక్కితే బ్రేకు పిడి మెత్తబడిపోతుంది. రెండేళ్ళకొకసారి మార్చాలి. ముందు 267 మిల్లీమీటర్లు, వెనుక 220 మిల్లీమీటర్ల డిస్కులు కంపెనీ ఇచ్చినవే. వాటికి కొత్త ప్యాడ్లు, పాత రబ్బరు గొట్టం స్థానంలో కొత్త గొట్టం పడేసరికి బ్రేకు పిడి రాయిలాగా నిలిచింది.

చీర కంచెను వెనుకటి యజమాని అందానికి అడ్డమని ఊడదీసి ఎక్కడో పారేశాడు. వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, కాలు పెట్టుకునే చోటు, చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే కంచె ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతున్నది. చీర కొంగు, చున్నీ చక్రంలో పడి జరిగే ప్రమాదాలు మనకు కొత్త కాదు. భాయి వెతికి వెతికి ఒక కంచె తెచ్చి బిగించాడు. ఈ బండికి చేసిన మెరుగుల్లో అన్నిటికంటే చవకైనదీ, మా అక్కకు అన్నిటికంటే నచ్చినదీ అదే. ఆ సంక్రాంతికి నీలకంఠేశ్వరస్వామి జాతరకు కొడుకు వెనుక కూర్చుని పోయి వచ్చింది. ఇద్దరి తలమీదా ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లే. ఆ గుర్తు లేని హెల్మెట్లు అమ్మరాదని 2021 జూన్ 1 నుంచి నిబంధన ఉన్నది. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్టు చట్టప్రకారం తప్పదు.

ఒక సాయంకాలం

ఈ ఖర్చంతా దేనికని అడిగేవారికి ఒక సంఘటన చెబుతాను. కందికోతల కాలం. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి మా వాడి వెనుక కూర్చుని వస్తున్నాను. పొద్దు వాలింది, ఎదుటినుంచి ఒక లారీ దీపాలు కళ్ళలో కొడుతున్నాయి. లారీ దాటిపోగానే మా ముందు ఒక నల్లటి కొండ నిలబడింది. కంది కట్టె మోపులు నిలువెత్తున వేసుకుని పోతున్న ఎద్దులబండి. వెనుక దీపం లేదు, మెరిసే బిళ్ళ లేదు. మా వాడు ముందు బ్రేకును ఒక్కసారి గుంజకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాడు. బండి ముక్కు వంగింది, టైరు రోడ్డును పట్టుకుంది. ఆగిన తర్వాత చూస్తే కంది కట్టె కొసలు హెడ్‌లైటుకు బారెడు దూరంలో ఉన్నాయి. బండివాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. పాపం, ఆయనకు ఏమీ తెలియదు.

తర్వాత ఇంట్లో కూర్చుని కాగితంమీద లెక్క వేశాను. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదం చూసి చెయ్యి బ్రేకుమీదకు పోవడానికి ఒక సెకను పడితే, ఆ 17 మీటర్లూ పోయినట్టే. పొడి రోడ్డుమీద మంచి టైర్లూ బ్రేకులూ ఉన్న బండి ఆ తర్వాత ఇంకొక 20 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 37. అదే 90 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 25 మీటర్లు, ఆగడానికి 45; మొత్తం 70. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, బ్రేకు పడిన తర్వాత ఆగే దూరం మాత్రం రెండింతలకు పైన పెరిగింది. రాయిలా బిగిసిన ఎనిమిదేళ్ళ టైర్లయితే ఈ లెక్కలు ఇంకా సాగుతాయి. ఆ సాయంకాలం మాకు మిగిలినది బారెడు దూరమే.

ఇంకొక సంగతి. 125 సీసీ దాటిన బళ్ళన్నిటికీ, చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉండాలని 2019 ఏప్రిల్ 1 నుంచి నిబంధన అమలులోకి వచ్చింది. అంతకు ముందటి పాత ఆర్‌15లకు ఆ రక్ష లేదు. నడిపేవాడి వేళ్ళే దానికి ఏబీఎస్. ముందు బ్రేకు వేస్తే బండి తలకిందులవుతుందని భయపడి వెనుక బ్రేకుతోనే కాలక్షేపం చేసే కుర్రవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది గనుక ఆపే బలం ఎక్కువగా ముందు చక్రానిదే. ఖాళీ మైదానంలో, తక్కువ వేగంలో, పదిసార్లు సాధన చేయించాలి. మా వాడి చేత భాయి చేయించిన సాధనే ఆనాడు అక్కరకు వచ్చింది. రోడ్డుమీద కళ్ళానికి ఆరబోసిన కొర్రలో, కంది కట్టెలో ఎదురైతే వాటిమీద బ్రేకు వేయకుండా, ముందుగానే వేగం తగ్గించుకోవాలని కూడా ఆయన నేర్పాడు.

పదిహేనో ఏడు

బండి రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు తీరిపోతుంది. తర్వాత పరీక్ష చేయించి ఐదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. మా వాడి బండికి 2025లో ఆ గడువు వచ్చింది. పరీక్షించిన అధికారి దీపాలు, హారను, బ్రేకులు, సైలెన్సరు వరుసగా చూసి, పేరు పెట్టడానికేమీ కనబడక సంతకం చేశారు. మొదటి పట్టీ ప్రకారం ఖర్చు పెట్టి ఉంటే ఆ బండి ఆనాడు అక్కడే నిలిచిపోయేది. ఇంకా ఐదేళ్ళ ఆయుష్షు పోసినది రెండో పట్టీయే.

పాఠకుల్లో ఇప్పుడీ వాదం నడుస్తున్న తల్లిదండ్రులకు నా సలహా ఇది. పద్దెనిమిది నిండనివాడికైతే వాదమే అక్కరలేదు. మైనరు చేతికి బండి ఇస్తే తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు అని 2019 సవరణలో స్పష్టంగా ఉంది. నిండినవాడికైతే "కొనవద్దు" అనే ముందు రెండు ప్రశ్నలు వేయండి. బండి ధరలో నాలుగోవంతు డబ్బు టైర్లకూ బ్రేకులకూ చైనుకూ విడిగా తీసి పెట్టగలవా? వారానికి ఒక గంట, చేతులు మసిచేసుకుని దాని పక్కన కూర్చోగలవా? రెండింటికీ తడుముకోకుండా అవునంటే, ఒక మంచి మెకానిక్కును వెంటబెట్టుకుని, ఇంజను చల్లగా ఉండగానే పోయి చూసి రండి. తల గోక్కుంటే మాత్రం బస్సు పాసు కొనిపెట్టండి. ఎద్దుల్ని మేపలేనివాడికి బండి కట్టివ్వడం మన పెద్దలు ఏనాడూ చేయలేదు.